కుక్కకు క్రేట్ కొనే ముందు: ఇంటికి ఏది, కారుకు ఏది, విమానానికి ఏది

మా ఇంట్లో మొదటిసారి క్రేట్ విప్పి హాల్లో నిలబెట్టిన రోజున మా అత్తగారు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, “ఇంత చిన్న ప్రాణానికి బోనెందుకమ్మా?” అన్నారు. తెలుగులో బోను అన్న మాటకు మంచి పేరు లేదు. ఎలుక పడేదీ బోనే, పులిని పట్టేదీ బోనే, కోర్టులో ముద్దాయి నిలబడేదీ బోనే. బహుశా అందుకేనేమో, కుక్కల్ని పెంచేవారి నోటా దుకాణాల్లోనూ ఈ వస్తువు క్రేట్‌గానే ఉండిపోయింది.

ఆవిడ సందేహం కొట్టిపారేయదగింది కాదు. స్వీడన్‌లో ఇంట్లో కుక్కను మూసిన క్రేట్‌లో ఉంచడాన్ని చట్టమే ఒప్పుకోదు. ప్రయాణం, ప్రదర్శనల వంటి కొద్ది సందర్భాలకే అక్కడ మినహాయింపు ఉంది. మన దేశంలో అంత కచ్చితమైన నిషేధం లేదు గానీ, 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ రెండు తప్పులను పక్కపక్కనే పేర్కొంటుంది: జంతువు కాస్త కదలడానికైనా పొడవు, వెడల్పు, ఎత్తు చాలని బోనులో దాన్ని ఉంచడం ఒకటి, మరీ పొట్టిదో మరీ బరువైనదో అయిన గొలుసుతో అసమంజసమైనంత సేపు కట్టి ఉంచడం రెండోది. గొలుసుకు కట్టేసి ఉంచడం మన ఊళ్ళలో ఎవరికీ వింతగా తోచదు, బోను మాత్రం తోస్తుంది. చట్టం దృష్టిలో ఆ రెండూ ఒకే కోవలోవే. కొలత చాలుతుందా, ఎంతసేపు ఉంచుతున్నాం అన్న రెండు ప్రశ్నలే అసలైనవి.

పదకొండేళ్ళుగా రెండు కుక్కలతో, అంటే బ్రూనో అనే లాబ్రడార్‌తోనూ వీధి నుంచి తెచ్చుకున్న చిట్టితోనూ, నాలుగు రకాల క్రేట్లు వాడిన తర్వాత నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. ఇంట్లో క్రేట్ చేసే పని వేరు, ప్రయాణంలో క్రేట్ చేసే పని వేరు. ఆ రెండూ చాలా వరకు ఒకదానికొకటి ఎదురు. ఇంటి క్రేట్ బాగా పనిచేస్తున్నదనడానికి గుర్తు, దాని తలుపు తెరిచి ఉన్నా కుక్క తనంతట తాను వెళ్ళి అందులో పడుకోవడం. ప్రయాణపు క్రేట్ బాగా పనిచేస్తున్నదనడానికి గుర్తు, ఎంత కుదుపు వచ్చినా దాని తలుపు తెరుచుకోకపోవడం. మొదటిదానికి గాలి, వెలుతురు, మడిచి పక్కన పెట్టే వీలు కావాలి. రెండోదానికి గట్టిదనం, బిగువు కావాలి. ఒకే క్రేట్‌తో రెండు పనులూ జరిపించుకుని డబ్బు మిగుల్చుకుందామని చూసేవారు చాలామంది చివరికి రెండోది కూడా కొనవలసి వస్తుంది. నేనూ వారిలో ఒకదాన్నే.

కొలత సంగతి

జాతి పేరుకు ఎదురుగా అంగుళాలు ముద్రించిన పట్టిక ప్రతి పెట్టె మీదా ఉంటుంది. షిట్జు, పగ్ వంటి వాటికి 24 అంగుళాలు, బీగిల్‌కు 30, లాబ్రడార్‌కు 42, పెద్ద జర్మన్ షెపర్డ్‌కు, రాట్‌వైలర్‌కు 48 అని రాసి ఉంటుంది. ఆ అంకె క్రేట్ పొడవును మాత్రమే చెబుతుంది. పైగా ఒకే జాతి అని అమ్మిన రెండు కుక్కల మధ్య చేతెడు తేడా ఉండటం మన దగ్గర మామూలు. నాటు కుక్కలకైతే ఆ పట్టికలో చోటే ఉండదు. కాబట్టి టేపు పట్టుకోక తప్పదు.

కుక్కను గోడ పక్కన నిలబెట్టి, పిల్లల ఎత్తు కొలిచినట్టే తల మీద పుస్తకం అడ్డంగా పెట్టి గోడ మీద పెన్సిలుతో గీత గీయాలి. చెవులు నిక్కబొడుచుకుని ఉండే కుక్కకైతే చెవి కొస దాకా లెక్కించాలి. పొడవును ముక్కు కొస నుంచి తోక మొదలు వరకు మాత్రమే తీసుకోవాలి. తోక చివరి వరకు కొలిచి, ఒక సైజు పెద్దది తెచ్చుకున్న ఇళ్ళను నేను కనీసం మూడింటిని చూశాను. ఇంట్లో వాడే క్రేట్‌కు ఈ పొడవుకూ ఎత్తుకూ చెరొక 4 అంగుళాలు కలిపితే సరిపోతుంది. కుక్క తల వంచకుండా నిలబడాలి, చుట్టూ తిరగగలగాలి, కాళ్ళు చాపి పక్కకు పడుకోగలగాలి. ఎండాకాలంలో కుక్కలు ముడుచుకుని కాకుండా బారుగా చాపుకుని పడుకుంటాయి కాబట్టి, కొలత ఎప్పుడు తీసినా మే నెలలో అది పడుకునే తీరును మనసులో ఉంచుకోవాలి.

పిల్లకుక్క ఉన్నవారికి ఇంకో చిక్కు ఉంది. పెద్దయ్యాక పట్టే క్రేట్‌ను ఇప్పుడే కొంటే అది ఒక మూల పడుకుని ఇంకో మూల తడిపేస్తుంది. పడుకునే చోటును మురికి చేసుకోకూడదన్న దాని సహజ గుణమే మనకు శిక్షణలో ఆసరా కాబట్టి, చోటు ఎక్కువైతే ఆ ఆసరా పోతుంది. ఇప్పటి సైజుకు కొంటే నాలుగు నెలల్లో చాలదు. తీగ క్రేట్లలో కొన్నింటితో పాటు ఇచ్చే అడ్డుపలక ఈ చిక్కును తీరుస్తుంది. పిల్ల పెరిగే కొద్దీ దాన్ని వెనక్కి జరుపుతూ పోవచ్చు. పెట్టెలో అడ్డుపలక ఉందో లేదో అడగకుండా కొనకండి. విడిగా అది దొరకడం కష్టం.

ఇంట్లో

మడతపెట్టే తీగ క్రేట్, విమానాల్లో వాడే తరహా ప్లాస్టిక్ కెన్నెల్, జిప్ ఉండే గుడ్డ క్రేట్, వెల్డింగ్ షాపులో చేయించే ఇనుప బోను: మన ఊళ్ళలో దొరికేవి ప్రధానంగా ఈ నాలుగు. వీటిలో ఇంటికి ఒకటే కొనమంటే నేను తీగ క్రేటే కొనమంటాను, కారణం గాలి. కుక్క ఒళ్ళంతా చెమట పట్టించుకుని చల్లబడలేదు. నోరు తెరిచి వగర్చడమే దానికి ఉన్న ప్రధానమైన దారి. మూడు పక్కలా మూసుకుపోయి, సన్నని కంతలున్న ప్లాస్టిక్ కెన్నెల్‌లో ఆ వగర్పు ఆవిరి లోపలే నిలిచిపోతుంది. ఒకసారి మధ్యాహ్నం ఫ్యాను కింద పక్కపక్కన పెట్టిన రెండు క్రేట్లలో చేయి పెట్టి చూశాను. తీగ క్రేట్‌లో గాలి వేళ్ళ మీదుగా పోతున్నట్టు తెలుస్తోంది, ప్లాస్టిక్ దాంట్లో గచ్చు మీది వేడి అరచేతికి అలాగే తగిలింది. సముద్రతీర ఊళ్ళలో ఉక్కపోత రోజుల్లో ఈ తేడా ఇంకా ఎక్కువ.

తీగ క్రేట్‌కు లోపాలు లేకపోలేదు. 42 అంగుళాలది పదిహేను కిలోల దాకా బరువు తూగుతుంది. మడవడం సులువే గానీ మోయడం సులువు కాదు. కుక్క లేచి తిరిగినప్పుడల్లా కింది ట్రే చప్పుడు చేస్తుంది. కింద పాత గోనెసంచి మడిచి వేస్తే ఆ చప్పుడు పోతుంది. రేకు ట్రే అయితే మూత్రానికి తుప్పు పడుతుంది, ప్లాస్టిక్ ట్రే అయితే కొరికి బద్దలు చేస్తుంది. నా ఓటు ప్లాస్టిక్‌కే, ఎందుకంటే కొరికే వయసు ఏడాదిలో తీరిపోతుంది, తుప్పు తీరదు. దుకాణంలో చూసేటప్పుడు తలుపు గడియను వేసి, తలుపు కింది మూలను రెండు వేళ్ళతో లోపలికి నొక్కి చూడండి. అక్కడ వేలు పట్టేంత సందు వచ్చిందంటే ఆ సందులోకి దవడ కూడా వస్తుంది.

ఆ కింది మూల సంగతి నేను చిట్టి దగ్గర నేర్చుకున్నాను. దాన్ని తెచ్చిన రెండో వారంలో, బ్రూనోకు అలవాటైనదే కదా అనుకుని అదే క్రేట్‌లో దాన్ని పెట్టి తలుపు వేసి బజారుకు వెళ్ళాం. నలభై నిమిషాల తర్వాత తిరిగొచ్చేసరికి తలుపు కింది తీగలు రెండు లోపలికి వంగి ఉన్నాయి, ట్రే మీద నెత్తురు చుక్కలు ఉన్నాయి, చిట్టి కోరపన్ను కొస విరిగి ఉంది. మూడేళ్ళు వీధిలో స్వేచ్ఛగా తిరిగిన కుక్కకు మూసిన తలుపు అంటే ఏమిటో నేను ఆలోచించలేదు. తప్పు క్రేట్‌ది కాదు. ఒంటరిగా వదిలితే కంగారుపడే కుక్కకు ఏ క్రేటూ మందు కాదు. ఇంకా గట్టి క్రేట్ తెస్తే ఇంకా ఎక్కువ పళ్ళు విరుగుతాయి. అలాంటి కుక్కకు మొదట చుట్టూ నిలబెట్టే తీగ కంచె, అంటే ప్లే పెన్, లేదా తలుపుకు అడ్డంగా పెట్టే చిన్న గేటు చాలు. చిట్టికి మేము వంటింటి పక్క గది గుమ్మానికి గేటు పెట్టించాం. అదే గదిలో తలుపు ఊడదీసిన క్రేట్‌ను ఉంచాం. ఏడో నెలలో అది తనంతట తాను అందులో పడుకోవడం మొదలుపెట్టింది.

గుడ్డ క్రేట్ చూడటానికి ముచ్చటగా ఉంటుంది, తేలిక, బ్యాగులా మడిచి తీసుకుపోవచ్చు. జిప్‌ను ముక్కుతో తోసి తెరవడం బ్రూనో ఎనిమిది నెలల వయసులో నేర్చుకుంది. శిక్షణ పూర్తయిన, నెమ్మదైన పెద్ద కుక్కకు, అదీ బంధువుల ఇంట్లో రెండు రోజులు ఉండటానికి, ఇది మంచిదే. పిల్లకుక్కకు కొంటే డబ్బు దండగ.

ఇక వెల్డింగ్ షాపు బోను. సొంత ఇళ్ళలో, ముఖ్యంగా పెద్ద జాతులున్న చోట, పోర్టికోలోనో మేడ మీదో కనిపించేది ఇదే. కొలత ఇచ్చి చేయించుకోవచ్చు, ఎన్నేళ్ళైనా ఉంటుంది. కానీ అడుగున కూడా చువ్వలే వేయించి చెక్క పలక వేయకపోతే కుక్క పాదాలు పాడవుతాయి. మేడ మీద నీడ లేని చోట పెడితే ఇనుము కాలి బోను కాస్తా పెనం అవుతుంది. అన్నిటికన్నా పెద్ద లోపం, అది కుక్కను ఇంటి మనుషుల నుంచి వేరు చేయడం. పగలంతా బోనులో ఉంచి రాత్రి కాపలాకు వదిలే పద్ధతిని చాలామంది క్రమశిక్షణ అనుకుంటారు. అలా పెరిగిన కుక్క గేటు తెరిచినప్పుడు ఎవరి మీదికి దూకుతుందో యజమానికీ తెలియదు. వాన పడని చోట, గాలి ఆడే నీడలో, రాత్రి పడుకోవడానికి మాత్రమే అయితే దానికి నేను అడ్డు చెప్పను.

ఎంతసేపు ఉంచవచ్చన్నది క్రేట్ రకం కన్నా ముఖ్యమైన ప్రశ్న. పిల్ల వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే వచ్చేదే గంటల పరిమితి అన్నది పెంపకందారుల్లో వాడుకలో ఉన్న లెక్క. 3 నెలల పిల్లకు 4 గంటలన్నమాట. పగటిపూట అది కూడా ఎక్కువేనని నా అభిప్రాయం. పెద్ద కుక్కకైనా పగలు నాలుగైదు గంటలు దాటకూడదు. భార్యాభర్తలిద్దరూ ఉదయం తొమ్మిదింటికి బయల్దేరి రాత్రి ఏడింటికి వచ్చే ఇంట్లో ఏ క్రేట్ మంచిదని నన్ను అడిగితే, ఏదీ కాదంటాను. ఆ ఇంటికి కావలసినవి గేటు వేసిన గది, మధ్యాహ్నం వచ్చి తిప్పి వెళ్ళే మనిషి. దీనికి భిన్నంగా, ఆపరేషన్ తర్వాత కుట్లు మానే వరకు గెంతకుండా ఉంచడానికి, దీపావళి రాత్రి టపాసుల మోతకు మంచం కింద దూరి వణికే కుక్కకు మూడు పక్కలా పాత నూలు దుప్పటి కప్పిన గూడు ఇవ్వడానికి, తీగ క్రేట్‌కు సాటి లేదు. దీపావళి రాత్రి మాత్రం తలుపు మూయకండి. భయపడిన కుక్కకు బయటికి దారి కనిపిస్తూ ఉంటేనే అది లోపల నిలకడగా ఉంటుంది.

ఏ రకం కొన్నా రెండు నియమాలు మారవు. లోపల పెట్టి తలుపు వేసేటప్పుడు మెడపట్టీ తీసేయాలి, ఎందుకంటే దాని కొక్కెం తీగల్లో చిక్కుకుంటే కుక్క గొంతు బిగుస్తుంది. తప్పు చేసినందుకు శిక్షగా దాన్ని లోపలికి తోయకూడదు. తొలి వారం రోజులూ తలుపు తెరిచే ఉంచి అన్నం గిన్నెను రోజుకు కాస్త చొప్పున లోపలికి జరుపుతూ పోతే, ఎనిమిదో రోజుకు నాలుగు కాళ్ళూ లోపల ఉంటాయి.

కారులో

ఇక్కడ మన అలవాట్లు పూర్తిగా తారుమారవుతాయి. ఇంట్లో కాస్త విశాలంగా ఉంటే మేలు. కారులో బిగువుగా ఉంటేనే మేలు, ఎందుకంటే సడన్ బ్రేకు పడినప్పుడు లోపల ఖాళీ ఎంత ఎక్కువ ఉంటే కుక్క అంత వేగంగా వెళ్ళి గోడకు కొట్టుకుంటుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేనికైనా గుద్దుకుని ఆగిందంటే, కట్టేయకుండా వదిలిన కుక్కకు తగిలే దెబ్బ దాదాపు 10 మీటర్ల ఎత్తు నుంచి, అంటే సుమారు మూడంతస్తుల మీద నుంచి, కింద పడినప్పటి దెబ్బతో సమానం. ఆ లెక్క ఒకసారి వేసుకున్న తర్వాత కిటికీలోంచి తల బయట పెట్టి చెవులు ఎగరేసుకుంటూ పోతున్న కుక్కను చూస్తే ముచ్చట వేయదు.

తీగ క్రేట్‌ను కారులో వాడటం మీద నాకు నమ్మకం పోయింది. మడిచేందుకు వీలుగా దాని మూలలు కొక్కేలతో కలిసి ఉంటాయి. పక్క నుంచి గట్టి దెబ్బ తగిలితే అవి ఊడి తీగలు లోపలికి పొడుచుకొస్తాయి. గుడ్డ క్రేట్ దెబ్బను అసలే ఆపదు, కుక్కను డ్రైవరు ఒళ్ళోకి దూకకుండా ఆపడానికి మాత్రం పనికొస్తుంది. మిగిలింది ప్లాస్టిక్ కెన్నెల్. అది కూడా ప్రమాదంలో పూర్తి రక్షణ అని చెప్పను, కానీ బోల్టులతో బిగించి, సరైన చోట పెట్టి కట్టినది మిగతా రెండింటికన్నా ఎంతో మెరుగు. ప్రమాద పరీక్షలకు తట్టుకునేలా చేసిన అల్యూమినియం క్రేట్లు విదేశాల్లో ఉన్నాయి. వాటిని తెప్పించుకోవడానికి అయ్యే ఖర్చు చాలా ఇళ్ళకు అందదు.

చిన్న కుక్క క్రేట్‌కు మంచి చోటు ముందు సీటు వెనక కాళ్ళు పెట్టుకునే జాగా. అక్కడ అది ఎటూ జారదు. పెద్ద క్రేట్‌ను డిక్కీలో వెనక సీటు వీపుకు ఆనించి, సీటును మడవకుండా, సరుకు కట్టే పట్టీలతో బిగించాలి. సాగే రబ్బరు తాళ్ళు పనికిరావు. ముందు సీటులో ఎయిర్‌బ్యాగు ఎదురుగా ఏ క్రేటూ పెట్టకూడదు. కొనే ముందు డిక్కీ లోపలి కొలత కన్నా డిక్కీ తలుపు తెరిచినప్పుడు వచ్చే నోటి కొలత తీసుకోండి. మేము లోపలి ఎత్తు చూసుకుని తెచ్చిన క్రేట్ లోపల హాయిగా పట్టేదే, కాకపోతే ఆ నోట్లోంచి దూరలేదు. డిక్కీ వేరుగా మూసుకుపోయే సెడాన్ కార్లలో దాని సంగతి మరిచిపోవాలి. గాలి ఆడని ఆ చోట ప్రాణిని ఉంచకూడదు. అలాంటి కారున్నవారికీ, 42 అంగుళాల క్రేట్ పెడితే మనుషులకు చోటుండని చిన్న కార్లున్నవారికీ, క్రేట్ కన్నా ఛాతీ చుట్టూ వచ్చి సీటు బెల్టుకు తగిలించే వెడల్పాటి హార్నెస్ మేలు. మెడపట్టీకి మాత్రం బెల్టు తగిలించకండి, కుదుపుకు మెడ విరుగుతుంది.

హైదరాబాదు నుంచి విజయవాడకు 65వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 275 కిలోమీటర్లు. ఏప్రిల్ నెలలో ఆ దారిలో ఒకసారి గోడకు తగిలించే చిన్న థర్మామీటరును బ్రూనో క్రేట్‌కు కట్టాను. ముందు సీట్లలో మేము చలికి ఏసీ తగ్గిస్తుంటే, వెనక అద్దంలోంచి ఎండ పడుతున్న క్రేట్ దగ్గర అది 33 చూపిస్తోంది. ముందు భాగపు చల్లదనం డిక్కీ దాకా చేరుతుందని అనుకోవద్దు. వెనక అద్దానికి ఎండతెర కట్టి, సీట్ల మధ్య నుంచి గాలి వెనక్కి పోయేలా సామాను సర్దుకుని, సూర్యాపేట దగ్గర ఆగి నీళ్ళు పట్టి నాలుగడుగులు తిప్పితే ప్రయాణం సుఖంగా సాగుతుంది. ఆగినప్పుడు టిఫిను చేసి వస్తామని కుక్కను మూసిన కారులో వదలకూడదు. బయట 35 డిగ్రీలుంటే అరగంటలో లోపల 50 దాటుతుంది. ఒకరు తింటే ఒకరు కాపలా ఉండాలి. పగ్, బుల్‌డాగ్, షిట్జు వంటి చప్పిడిముక్కు కుక్కలకు ఆ అరగంట కూడా పట్టదు.

రైల్లో

రైలు కోసం క్రేట్ కొనవలసిన పని చాలా వరకు లేదు. మన రైల్వే నిబంధనల ప్రకారం ఫస్ట్ ఏసీలో రెండు పడకల కూపేనో నాలుగు పడకల క్యాబిన్‌నో మొత్తంగా తీసుకున్నవారే కుక్కను దగ్గర ఉంచుకోగలరు. ఏసీ టూటైర్, త్రీటైర్, స్లీపర్, చైర్ కార్లలో దానికి అనుమతి లేదు. కూపే దొరికితే పడకల మధ్య నేల మీద పరుపు వేసి, గొలుసును పడక కాలికి తగిలిస్తే చాలు; పెద్ద క్రేట్ అక్కడ తలుపు తెరుచుకునేంత జాగా కూడా ఇవ్వదు. కూపే దొరకకపోతే గార్డు ఉండే బ్రేక్ వ్యాన్‌లో డాగ్ బాక్సు ఉంటుంది. మన క్రేట్‌కు అక్కడ పని లేదు, కుక్కను వాళ్ళ పెట్టెలోనే వేస్తారు. ఇనుప గోడలు, చక్రాల మోత, ఆగిన చోటల్లా మనం పరుగెత్తుకుంటూ వెళ్ళి నీళ్ళు పట్టడం. అలవాటు లేని కుక్కను ఎండాకాలంలో అందులో పంపడం కన్నా, నాలుగు రోజులు తెలిసినవారింట వదిలి వెళ్ళడం మంచిదని నా సలహా.

విమానంలో

విమానం విషయంలో ఎంపిక మన చేతిలో లేదు. అంతర్జాతీయ విమాన రవాణా సంఘం, అంటే ఐఏటీఏ, నిర్దేశించిన కొలతలకు సరిపోయే గట్టి కెన్నెల్ తప్ప ఇంకేదీ కార్గోలో ఎక్కదు. మడతపెట్టే తీగ క్రేట్‌ను ఒప్పుకోరు. ఆ లెక్క ఇలా ఉంటుంది. ముక్కు కొస నుంచి తోక మొదలు వరకు ఉన్న పొడవుకు, నేల నుంచి ముందుకాలి మోచేతి కీలు వరకు ఉన్న ఎత్తులో సగం కలిపితే పెట్టె పొడవు. భుజాల దగ్గర వెడల్పుకు రెట్టింపు పెట్టె వెడల్పు. నిలబడినప్పుడు తల లేదా చెవి కొస వరకు ఉన్న ఎత్తుకు, కింద వేసే పరుపు మందం కలిపితే పెట్టె ఎత్తు. ఉదాహరణకు పొడవు 88, మోచేతి కీలు ఎత్తు 32, భుజాలు 26, నిలువెత్తు 66 సెంటీమీటర్లున్న లాబ్రడార్‌కు పెట్టె 104 పొడవు, 52 వెడల్పు, పరుపుతో కలిపి దాదాపు 70 ఎత్తు ఉండాలి. చప్పిడిముక్కు జాతులకు ఇంకో 10 శాతం పెద్దది కావాలి, అసలు ఆ జాతులనే ఎక్కించుకోని విమాన సంస్థలూ ఉన్నాయి.

కొనేటప్పుడు చూడవలసినవి మరికొన్ని ఉన్నాయి. పై సగం, కింది సగం కలిపేవి ప్లాస్టిక్ క్లిప్పులా, లోహపు బోల్టులా అన్నది మొదట చూడాలి. క్లిప్పులున్న దాన్ని బరువులు ఎత్తే చోట ఎవరూ నమ్మరు. తలుపు లోహంతో చేసినదై, దాని కడ్డీలు పైకీ కిందికీ చొచ్చుకుని నిలవాలి. గాలి కంతలు నాలుగు పక్కలా ఉన్నదే తీసుకుంటే దేశంలోనూ విదేశానికీ బెంగ ఉండదు. చక్రాలుంటే ఊడదీయాలి. నీళ్ళ గిన్నెను తలుపు తెరవకుండానే బయటి నుంచి నింపగలగాలి. ముందు రాత్రి ఆ గిన్నెలో నీళ్ళు గడ్డకట్టించి తగిలిస్తే సామాను ఎక్కించేటప్పుడు ఒలికిపోకుండా దారిలో నెమ్మదిగా కరుగుతాయి. మత్తుమందు ఇచ్చి పంపుదామన్న ఆలోచన వద్దు. మత్తులో ఉన్న కుక్క తన ఒంటి వేడిని అదుపు చేసుకోలేదు, తూలి పడినా నిలదొక్కుకోలేదు.

చిన్న కుక్కకు కేబిన్‌లో చోటు దొరికితే అదే మేలు. అకాసా ఎయిర్ 2022 నవంబరులో పెంపుడు జంతువులను ఎక్కించుకోవడం మొదలుపెట్టినప్పుడు సంచితో కలిపి 7 కిలోలను కేబిన్‌కు హద్దుగా పెట్టింది. ఎయిర్ ఇండియా కూడా చిన్నవాటిని కేబిన్‌లో అనుమతిస్తుంది. ఇండిగో సహాయక కుక్కలను తప్ప ఎక్కించుకోదు. ఈ హద్దులు మారుతూ ఉంటాయి కాబట్టి టికెట్టు కొనే రోజునే చూసుకోవాలి. సంచి బరువు కూడా అందులోనే అన్న మాట గుర్తుంచుకుంటే, 5 కిలోల షిట్జుకు గట్టి ప్లాస్టిక్ పెట్టె కాక కిలోన్నరకు మించని మెత్తని సంచి ఎందుకు కొనాలో అర్థమవుతుంది. గుడ్డ రకానికి నిజంగా చోటున్నది ఇక్కడే.

మనవాళ్ళు ఉద్యోగాలకు అమెరికా వెళ్తూ కుక్కను వెంట తీసుకువెళ్ళడం ఇప్పుడు అరుదు కాదు. 2024 ఆగస్టు 1 నుంచి అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ నిబంధనలు మారాయి. కుక్కకు ఆరు నెలలు నిండి ఉండాలి, గుర్తింపు కోసం చర్మం కింద అమర్చే మైక్రోచిప్ ఉండాలి. రేబిస్ ముప్పు ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో భారతదేశం ఉండటం వల్ల మన కుక్కలకు టీకా ధ్రువపత్రం, రక్తపరీక్ష ఫలితం, నిర్దేశించిన కొద్ది విమానాశ్రయాల్లోనే దిగడం వంటి షరతులు అదనం. రక్తపరీక్ష లేకపోతే 28 రోజులు అక్కడ వేరుగా ఉంచుతారు. ఇటు వైపు హైదరాబాదులోనే ఉన్న కేంద్ర జంతు క్వారంటైన్ కేంద్రం నుంచి పత్రం తీసుకోవాలి. ఈ కాగితాలన్నీ తేలడానికి నెలలు పడుతుంది. కెన్నెల్‌ను చివరి వారంలో కాక మైక్రోచిప్ వేయించిన రోజునే కొని ఇంట్లో పెట్టండి. కాగితాలు తిరిగే ఆ నెలల్లో రోజూ రాత్రి అందులోనే పడుకునే అలవాటైతే, విమానంలో దానికి కొత్తగా ఉండేది చప్పుడు ఒక్కటే. ఇలా వలస వెళ్ళబోయే కుటుంబానికి మాత్రం ఇంటికీ ప్రయాణానికీ ఒకే ప్లాస్టిక్ కెన్నెల్ చాలు, తీగ క్రేట్ కొనకండి.

పాతది తీసుకుంటే

పెద్ద సైజు ప్లాస్టిక్ కెన్నెల్ ఖరీదు తీగ క్రేట్ కన్నా బాగా ఎక్కువ, అదీ ఒకటి రెండుసార్ల ప్రయాణానికి. అందుకే తెలిసినవారి దగ్గర పాతది తీసుకోవడంలో తప్పు లేదు. మా కెన్నెల్ ఇప్పటికి మూడు ఇళ్ళు తిరిగింది. అంచుల్లో పగుళ్ళు ఉన్నాయేమో ఎండలో పట్టి చూడాలి, బోల్టులు కొత్తవి వేయాలి. ఆ ఇంట్లో కుక్క ఎందుకు లేదో కూడా అడగాలి. పార్వో అనే ప్రాణాంతకమైన వైరస్ జబ్బు వచ్చి చనిపోయిన పిల్లకుక్క వాడిన క్రేట్ అయితే, టీకాలు పూర్తికాని పిల్లకుక్క ఉన్న ఇంట్లోకి దాన్ని తేవద్దు. ఆ వైరస్ నెలల తరబడి బతికి ఉంటుంది, మామూలు సబ్బుకూ ఫినాయిల్‌కూ చావదు. మిగతా సందర్భాల్లో ముందు సబ్బుతో మురికి వదిలించి, ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి ముప్పై వంతుల నీళ్ళు కలిపి అంతటా తడిపి, పది నిమిషాల పాటు ఆరనివ్వకుండా ఉంచి, తర్వాత మంచినీళ్ళతో కడిగి, మేడ మీద ఎండలో రెండు రోజులు తలుపు తెరిచి ఆరబెట్టాలి. మూడో రోజున కూడా బ్లీచ్ వాసన మన ముక్కుకు తెలుస్తుంటే కుక్కను ఇంకా అందులోకి పిలవకండి.